గంటల లెక్కన అమ్మే కోడ్: ప్రోగ్రామర్ ఉత్పాదకత పెరిగితే ఫ్రెషర్ కొలువు ఏమవుతుంది?

వరి నాట్లకు మనుషుల్ని రెండు రకాలుగా పిలుస్తారు. ఒకటి రోజు కూలి. పొద్దున మడిలో దిగి సాయంత్రం దాకా నాటు వేస్తారు, ఎన్ని మళ్లు పూర్తయినా కూలి అంతే. రెండోది గుత్త. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు, ముఠా తొందరగా ముగిస్తే ఆ పూటే ఇంకో చేనుకు పోతుంది. రోజు కూలి అయితే రైతు గట్టు మీద నిలబడి పని నడుస్తోందా లేదా అని చూస్తాడు. గుత్త అయితే గడియారంతో పని లేదు, కుదుళ్లు పలచగా పడ్డాయేమో చూసుకుంటే చాలు.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని ఐటీ సర్వీసెస్ కంపెనీలు పాతికేళ్లకు పైగా అమెరికా, యూరప్ క్లయింట్లకు అమ్ముతూ వచ్చిన పనిలో చాలా భాగం ఇందులో మొదటి రకం. దాన్ని టైమ్ అండ్ మెటీరియల్ అంటారు. ఇంతమంది మనుషులు, నెలకు ఇన్ని గంటలు, గంటకు ఇన్ని డాలర్లు. గుత్త లాంటి రెండో రకం కూడా ఉంది, దాన్ని ఫిక్స్‌డ్ బిడ్ అంటారు. ప్రోగ్రామర్ ఉత్పాదకత గురించి, ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా అన్న టెన్షన్ గురించి జరిగే చర్చల్లో ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ సగం సంగతి ఇక్కడే ఉంది. పది మంది చేసే పనిని అయిదుగురు చేయగలిగేలా ఒక పనిముట్టు వచ్చిందనుకుందాం. ఫిక్స్‌డ్ బిడ్‌లో మిగిలిన అయిదుగురి జీతం కంపెనీకి లాభం. టైమ్ అండ్ మెటీరియల్‌లో అదే పనిముట్టు కంపెనీ ఆదాయాన్ని సగానికి కోసేస్తుంది. సొంతంగా ప్రోడక్ట్ అమ్ముకునే కంపెనీకి వరమైన ఉత్పాదకత, గంటలు అమ్ముకునే కంపెనీకి గండం అయ్యేది ఇందుకే.

గంటల వ్యాపారంలో లాభం వచ్చే తీరు కూడా తెలుసుకోవాలి. ప్రాజెక్ట్ టీమ్ పిరమిడ్ ఆకారంలో ఉంటుంది. పైన ఒక ఆర్కిటెక్ట్, ఒక మేనేజర్. మధ్యలో అయిదారుగురు అనుభవజ్ఞులు. అడుగున ఫ్రెషర్లు. క్లయింట్ ఇచ్చే గంట రేటుకూ, ఆ మనిషికి ఇచ్చే జీతానికీ మధ్య ఉన్న తేడా అడుగున ఎక్కువ, పైన తక్కువ. అందుకే ఏటా క్యాంపస్‌ల నుంచి వేల మందిని తెచ్చి అడుగును నింపడం కంపెనీలకు అవసరమైంది. ఫ్రెషర్‌కు ఇచ్చే జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో కూడా దీంట్లోనే తెలుస్తుంది. ఇంటి అద్దెలు పెరిగాయి, హాస్టల్ ఫీజులు పెరిగాయి, బీటెక్ ఫీజులు పెరిగాయి. ఆ అంకె మాత్రం కదలలేదు. పిరమిడ్ అడుగు చవగ్గా ఉంటేనే పైకట్టు నిలబడుతుంది, అడుగున చేరడానికి తలుపు బయట ఎప్పుడూ పెద్ద వరస నిలబడే ఉంది. ఈ కథలో అన్నిటికంటే బాధ పెట్టే విషయం ఇదే. అంత తక్కువ జీతానికి కూడా ఇప్పుడు ఆ వరస ముందుకు కదలడం లేదు.

అసలు కొలిచేది దేన్ని?

తాపీమేస్త్రీ పనిని ఇటుకల లెక్కన కొలవొచ్చు. టైలర్ పనిని జాకెట్ల లెక్కన కొలవొచ్చు. ప్రోగ్రామర్ పనిని దేనితో కొలవాలి? కోడ్ లైన్లతో కొలవాలని చాలా ఏళ్లు ప్రయత్నించారు. 1982లో ఆపిల్ కంపెనీలో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పుడు మేనేజర్లు ఒక ఫారం పెట్టారు. ప్రతి ఇంజినీరూ ఆ వారం ఎన్ని లైన్లు రాశాడో అందులో నింపాలి. బొమ్మలు గీసే భాగాన్ని రాస్తున్న బిల్ అట్కిన్సన్ ఆ వారం ఒక ముఖ్యమైన ముక్కను కొత్త పద్ధతిలో తిరగరాశాడు. అది దాదాపు ఆరు రెట్లు వేగంగా నడవడం మొదలైంది. ఆ క్రమంలో రెండు వేల లైన్లు తగ్గిపోయాయి. ఫారంలో లైన్ల సంఖ్య దగ్గర మైనస్ 2000 అని రాశాడు. కొన్ని వారాల తర్వాత ఆయన్ను ఆ ఫారం నింపమని అడగడం మానేశారు.

మనుషుల సంఖ్యతో కొలిచినా అదే గతి. 1960ల్లో ఐబీఎం తన సిస్టమ్/360 కంప్యూటర్ల కోసం ఆపరేటింగ్ సిస్టమ్ రాయించినప్పుడు దాని బాధ్యత ఫ్రెడ్ బ్రూక్స్‌ది. పని బాగా సాగుతున్న కాలంలో వెయ్యి మందికి పైగా ఉన్నారు, అయినా గడువు దాటింది. ఆ అనుభవంతో 1975లో ఆయన చెప్పిన మాట ఇప్పటికీ ప్రతి ప్రాజెక్ట్ మేనేజర్ నోటా వినిపిస్తుంది: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కారణం లెక్కలోనే ఉంది. అయిదుగురు ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు పది. పది మంది ఉంటే నలభై అయిదు. యాభై మంది ఉంటే 1,225. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పేది పాతవాళ్లే, ఆ నేర్పే గంటల్లో వాళ్ల పని ఆగిపోతుంది. శుక్రవారం సాయంత్రం రిలీజ్ ఉందని బుధవారం నలుగురు కొత్తవాళ్లను టీమ్‌లో పడేసిన ప్రాజెక్టులో ఉన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఒక ప్రోగ్రామర్‌కూ ఇంకొకరికీ ఉండే తేడా. పది మంది పెట్టు ఒక్కడు చేస్తాడు అన్న మాట 1968లో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టింది. సాక్‌మన్, ఎరిక్సన్, గ్రాంట్ అనే ముగ్గురు పన్నెండు మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు ఒకే రకం పనులు ఇచ్చి చూశారు. ఒక పనిలో తప్పులు వెతికి సరిచేయడానికి ఒకరికి ఆరు గంటలు పడితే ఇంకొకరికి 170 గంటలు పట్టింది. అంటే 28 రెట్లు. తర్వాత ఆ లెక్కను జాగ్రత్తగా చూసినవాళ్లు అందులో లోపాలు చూపించారు. అందరూ ఒకే భాషలో రాయలేదు, ఒకే పద్ధతిలో కంప్యూటర్ వాడలేదు. వాటిని సరిచేస్తే తేడా బాగా తగ్గింది, కానీ మాయం కాలేదు. ఆ పరిశోధనలో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ 28 రెట్ల తేడా కనిపించింది కోడ్ రాయడంలో కాదు, రాసిన దాంట్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడంలో.

తప్పు ఖరీదు ఎంతో తెలియాలంటే న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో 2012 ఆగస్టు 1న జరిగింది చూడాలి. నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ ఆ రోజుకు కొత్త కోడ్ సిద్ధం చేసుకుంది. దాన్ని ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఏడింటిలో పెట్టారు, ఎనిమిదో దాంట్లో పెట్టడం మరిచిపోయారు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్లుగా వాడని పాత కోడ్ ముక్క ఒకటి అలాగే పడి ఉంది. దాన్ని మేల్కొలిపే గుర్తునే కొత్త కోడ్‌లో వేరే పనికి మళ్లీ వాడారు. మార్కెట్ తెరవగానే ఆ పాత ముక్క లేచి ఆగకుండా షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. నలభై అయిదు నిమిషాల్లో దాదాపు 44 కోట్ల డాలర్లు పోయాయి. కంపెనీ ఆ దెబ్బకు కోలుకోలేక మరుసటి ఏడాది ఇంకో సంస్థలో కలిసిపోయింది. ఆ రోజు అక్కడ ఎవరు ఎన్ని లైన్లు రాశారన్న లెక్కకు ఏ విలువా లేదు. పనికిరాని పాత కోడ్‌ను తీసేసిన ఒక మనిషి, ఎనిమిదో సర్వర్‌ను కూడా చూశారా అని అడిగిన ఒక మనిషి ఉంటే వాళ్ల ఉత్పాదకత 44 కోట్ల డాలర్లు. ఆ పనిని ఏ టైమ్‌షీట్‌లోనూ ఎవరూ చూపించలేరు.

ఏఐ ఏ పనిని వేగం చేస్తోంది?

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. దానికి కాస్త ముందు నుంచే ఏఐతో ప్రోగ్రామర్ పని ఎంత వేగమైందన్న దాని మీద చాలా లెక్కలు వస్తున్నాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది.

మొదటిది గిట్‌హబ్ కోపైలట్ అనే, కోడ్ రాసిపెట్టే ఏఐ పనిముట్టు మీద జరిగింది. తొంభై అయిదు మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాయమని చెప్పారు. కోపైలట్ వాడినవాళ్లు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. రెండోది 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ చేసింది. తాము ఏళ్లుగా పనిచేస్తున్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుల్లోనే పదహారు మంది అనుభవజ్ఞులు 246 పనులు చేశారు. కొన్నింటికి ఏఐ వాడొచ్చు, కొన్నింటికి వాడకూడదు. ఏఐ వాడితే 24 శాతం వేగంగా అవుతుందని వాళ్లు ముందు అంచనా వేశారు. పనంతా అయ్యాక కూడా 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. గడియారం చెప్పింది వేరు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది.

ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పు అనుకోనక్కర్లేదు. రెండూ వేర్వేరు పనులు. మొదటిది ఖాళీ స్థలంలో కొత్త గది కట్టడం. ఏం కావాలో స్పష్టంగా ఉంది, అలాంటివి ఇంటర్నెట్‌లో లక్షల్లో ఉన్నాయి, తప్పు చేస్తే కూలేది ఏదీ లేదు. రెండోది మనుషులు కాపురం ఉంటున్న పాత ఇంట్లో గోడ మార్చడం. ఏ గోడ బరువు మోస్తోందో, ఏ పైపు ఎక్కడ నుంచి పోతోందో ఆ ఇంట్లో ఏళ్లుగా ఉన్నవాళ్లకే తెలుసు. ఏఐ ఇచ్చిన కోడ్ చూడ్డానికి బాగుంటుంది, నడుస్తుంది కూడా. దాన్ని చదివి, ఈ ఇంటికి సరిపోతుందో లేదో చూసి, సరిపోనిది మార్చడానికి పట్టే సమయం మనిషికి లెక్కలోకి రాదు. ఎందుకంటే చేతులు టైప్ చేయకుండా ఉన్నాయి కాబట్టి పని తేలిగ్గా అయిపోయినట్టే అనిపిస్తుంది. పనిముట్లు ప్రతి కొన్ని నెలలకూ మెరుగవుతున్నాయి కాబట్టి 19 శాతం అన్న అంకెను పట్టుకుని వేలాడడం మంచిది కాదు. వేగంగా చేశామన్న భావనకూ, నిజమైన వేగానికీ అంత దూరం ఉండొచ్చు అన్న మాట మాత్రం గుర్తుంచుకోవాలి.

బ్రూక్స్ 1986లో చెప్పిన ఇంకో మాట ఇక్కడ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ కష్టంలో రెండు రకాలున్నాయని ఆయన అన్నాడు. ఒకటి పనిముట్ల వల్ల వచ్చే కష్టం, రెండోది అసలు విషయంలోనే ఉన్న కష్టం. బ్యాంకు లోన్ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం. ఈఎంఐ లెక్కించే ఫార్ములాను కోడ్‌లోకి మార్చడం మొదటి రకం. ఏఐ దాన్ని క్షణాల్లో చేస్తుంది. ఫిబ్రవరి 29న తీసుకున్న అప్పుకు వాయిదా తేదీ ఏది, ఆదివారం పడితే వడ్డీ ఎవరు భరించాలి, మధ్యలో రేటు మారితే వాయిదా పెరగాలా నెలలు పెరగాలా, ఒక వాయిదా తప్పి ఆలస్యంగా కట్టిన డబ్బు ముందు అసలుకు పోవాలా వడ్డీకి పోవాలా అన్నది రెండో రకం. ఇది బ్యాంకు వాళ్లను అడగాలి, ఆర్‌బీఐ నిబంధన చూడాలి, ఇద్దరు మేనేజర్లు రెండు రకాలుగా చెబితే తేల్చాలి. అనుభవం ఉన్న ప్రోగ్రామర్ రోజులో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది.

ఇప్పుడు పిరమిడ్‌ను మళ్లీ గుర్తు చేసుకోండి. మొదటి రకం పనిని కంపెనీల్లో ఇన్నాళ్లూ ఎవరికి ఇచ్చేవారు? ఫ్రెషర్‌కు. చిన్న టికెట్ (సరిచేయమని రాసి పంపే చిన్న పని), ఒక స్క్రీన్‌లో ఫీల్డ్ కలపడం, ఒక రిపోర్ట్, నాలుగు టెస్ట్ కేసులు, పాత జావా వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చడం. ఏం చేయాలో ముందే రాసి ఇచ్చిన పనులు. ఏఐ అన్నిటికంటే బాగా చేసేది కూడా ఇలాంటి పనులనే. ఏఐ ప్రోగ్రామర్లందరి మీదా ఒకే బరువుతో పడడం లేదు, మెట్లదారిలో మొదటి మెట్టు మీద పడుతోంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో జీతాల రికార్డులను పరిశీలించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025 ఆగస్టులో ఒక అధ్యయనం విడుదల చేశారు. 22 నుంచి 25 ఏళ్ల వయసున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి గరిష్ఠ స్థాయి నుంచి 2025 జులై నాటికి దాదాపు 20 శాతం తగ్గాయి. అదే వృత్తిలో వయసు ఎక్కువ ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి లేదా పెరిగాయి. పైన చెప్పిన తర్కానికి ఇది సరిగ్గా అతికినట్టు ఉంది. అలా అతికింది కదా అని మొత్తం నేరం ఏఐ మీదే వేయడం తొందరపాటు.

ఆ మూడేళ్లలో ఇంకా చాలా జరిగాయి. కరోనా కాలంలో వడ్డీ రేట్లు సున్నా దగ్గర ఉన్నప్పుడు కంపెనీలు అవసరానికి మించి మనుషుల్ని తీసుకున్నాయి. 2022 నుంచి అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పెంచుతూ 2023 జులైకి అయిదుంపావు, అయిదున్నర శాతం మధ్యకు తెచ్చింది. అప్పు ఖరీదైంది, లాభం రాని ప్రాజెక్టులు మూతపడ్డాయి. మెటా 2022 నవంబర్‌లో 11 వేల మందిని, గూగుల్ 2023 జనవరిలో 12 వేల మందిని తీసేస్తామన్నాయి. మెటా ప్రకటన నాటికి చాట్‌జీపీటీ పుట్టనే లేదు, గూగుల్ ప్రకటన నాటికి అది పురిటి పసికందు. దీనికి తోడు అమెరికా పన్ను చట్టంలో ఒక మార్పు 2022 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు డెవలపర్ జీతాన్ని ఆ ఏడాది ఖర్చుగానే చూపించుకోవచ్చు. మార్పు తర్వాత అయిదేళ్ల మీద, విదేశాల్లో చేయించిన పని అయితే పదిహేనేళ్ల మీద పంచి చూపించాలి. చిన్న కంపెనీలకు చేతిలో లేని డబ్బు మీద పన్ను కట్టాల్సి వచ్చింది. 2025 జులైలో దేశం లోపలి పనికి ఆ నిబంధన ఎత్తేశారు. విదేశీ పనికి మాత్రం ఉంచారు. వార్తల్లో ఏఐ గురించి వంద మాటలు వస్తే ఈ పన్ను గురించి ఒక్క మాట రావడం కూడా అరుదు.

ఇండియా వైపు చూస్తే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ లెక్క ప్రకారం 2024-25లో ఐటీ రంగం ఆదాయం దాదాపు 28,300 కోట్ల డాలర్లు, ఉద్యోగులు 58 లక్షల మంది. వెళ్లిపోయినవాళ్లను తీసేస్తే ఆ ఏడాది నికరంగా చేరికైంది సుమారు లక్షా పాతిక వేల మంది. మొత్తం ఉద్యోగుల సంఖ్య తగ్గిపోలేదు, పెరిగింది. కానీ రెండు తెలుగు రాష్ట్రాల నుంచి మాత్రమే ఏటా బయటికి వచ్చే ఇంజినీరింగ్ పట్టభద్రుల సంఖ్యను పక్కన పెట్టి చూస్తే ఆ లక్షా పాతిక వేలు దేశం మొత్తానికి ఎంత చిన్నదో తెలుస్తుంది. 2025 జులైలో టీసీఎస్ తన ఆరు లక్షలకు పైగా ఉన్న ఉద్యోగుల్లో రెండు శాతం మందిని, అంటే 12 వేలకు పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లు. అంటే పిరమిడ్‌కు అడుగున చేరిక తగ్గుతోంది, నడుము దగ్గర కోత పడుతోంది. నడుము దగ్గర ఉన్నవాళ్లలో కోడ్ వదిలేసి పదేళ్లుగా స్టేటస్ రిపోర్టులు, ఎక్సెల్ షీట్లు చూసుకుంటున్నవాళ్లు చాలామంది. వాళ్లు చేసిన తప్పు కూడా కాదది. ప్రమోషన్ కావాలంటే కోడ్ వదలాలి అని కంపెనీలే వాళ్లకు నేర్పాయి.

ఇదే సమయంలో ఇంకో తలుపు తెరుచుకుంది. విదేశీ కంపెనీలు పనిని సర్వీసెస్ కంపెనీకి ఇవ్వకుండా తామే ఇక్కడ ఆఫీసు పెట్టుకునే పద్ధతి బాగా పెరిగింది. వాటిని జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) అంటున్నారు. 2024 నాటికి దేశంలో ఇలాంటివి 1,700కు పైగా ఉన్నాయి, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారు. హైదరాబాద్ వీటికి పెద్ద కేంద్రం. జీసీసీలో గంటల బిల్లింగ్ లేదు. పని తొందరగా అయితే ఆ లాభం కంపెనీదే, కాబట్టి అక్కడ ఉత్పాదకతకు ఎదురు నిలిచే కారణం లేదు. జీతాలు కూడా మెరుగు. అయితే వాళ్లు ఎక్కువగా వెతికేది నాలుగైదేళ్లు పని తెలిసినవాళ్లను. అంటే ఇన్నాళ్లూ సర్వీసెస్ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకుని నేర్పించాయి, నేర్చుకున్నవాళ్లు జీసీసీల్లోకి వెళ్లారు. నేర్పే చోట చేరిక ఆగితే నాలుగైదేళ్ల తర్వాత ఈ రెండో తలుపు దగ్గర కూడా మనుషులు దొరకరు. ఈ చిక్కు జీసీసీలకు తెలియనిది కాదు. కొన్ని నేరుగా కాలేజీల నుంచి తీసుకోవడం మొదలుపెట్టాయి కూడా, కానీ పది మందిని, ఇరవై మందిని ఏరుకుంటున్నాయి. ఒకప్పటిలా క్లాసు మొత్తాన్ని బస్సెక్కించుకుపోయే రోజులు కావివి.

అమెరికా దారి కూడా ఇరుకైంది. హెచ్-1బీ వర్క్ వీసాలు ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. కుర్రాడిని ఎమ్మెస్‌కు పంపడానికి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన కుటుంబాలకు ఇది అంకె కాదు, నిద్ర పట్టనివ్వని భయం.

పాత భయం, కొత్త తేడా

ప్రోగ్రామర్ అవసరం తీరిపోతుందన్న మాట ప్రోగ్రామింగ్ పుట్టినప్పటి నుంచీ ఉంది. ఐబీఎంలో జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం 1954లో రాసిన తొలి నివేదికలోనే, దీనితో కోడింగూ తప్పులు వెతకడమూ దాదాపు లేకుండా పోతాయన్న ఆశ కనిపిస్తుంది. 1957లో ఫోర్‌ట్రాన్ వచ్చింది, రాయాల్సిన వాక్యాలు నిజంగానే ఇరవయ్యో వంతుకు తగ్గాయి. ప్రోగ్రామర్లు తగ్గలేదు. ఖర్చు తగ్గేసరికి అంతకుముందు కంప్యూటర్‌కు అప్పజెప్పాలని ఊహించని పనులు కూడా వచ్చి చేరాయి. 2024లో అమెరికాలోనే డెవలపర్లు, టెస్టర్లు కలిపి దాదాపు 19 లక్షల మంది ఉన్నారు. వచ్చే పదేళ్లలో ఆ సంఖ్య 15 శాతం పెరుగుతుందని అక్కడి కార్మిక గణాంకాల శాఖ అంచనా వేసింది. అదే శాఖ, ఇంకొకరు గీసిన నమూనాను కోడ్‌గా మార్చే కంప్యూటర్ ప్రోగ్రామర్ అన్న విడి వృత్తి మాత్రం తగ్గుతుందని చెప్పింది. ఏం కట్టాలో ఆలోచించేవాళ్లు పెరుగుతారు, చెప్పింది రాసేవాళ్లు తగ్గుతారు అన్నమాట.

కాబట్టి మొత్తం మీద ఉద్యోగాలు పెరుగుతాయని చెప్పడం సాధ్యమే. కానీ 22 ఏళ్ల వయసులో, చేతిలో డిగ్రీతో, నెత్తి మీద ఎడ్యుకేషన్ లోన్‌తో ఉన్న మనిషికి పదేళ్ల సగటు కూడు పెట్టదు. పైగా ఇదివరకటి మార్పులకూ దీనికీ తెలుగువాళ్ల విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది.

1990ల చివర్లో వైటూకే సమస్య (2000 సంవత్సరాన్ని పాత ప్రోగ్రామ్‌లు తప్పుగా చదువుతాయన్న చిక్కు) వచ్చినప్పుడు అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని వేల మంది అమెరికా వెళ్లారు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో. ఆ తర్వాత ఒరాకిల్, జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, సేల్స్‌ఫోర్స్, డెవాప్స్. మైత్రీవనం చుట్టూ బోర్డుల మీద పేర్లు మారాయి కానీ లోపలి సూత్రం మారలేదు. మార్కెట్లో ఏ టూల్‌కు మనుషులు తక్కువగా ఉన్నారో చూసి, మూడు నెలల్లో అది నేర్చుకుని, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీపట్టి, లోపలికి వెళ్లడం. ఈ సూత్రాన్ని చిన్నచూపు చూడకూడదు. ఊళ్లో డిగ్రీ చదివి, ఇంగ్లిష్ అంతంత మాత్రంగా వచ్చి, సిఫారసు చేసే చుట్టాలు లేని పిల్లలకు అది నిజంగా దారి చూపించింది. కొన్ని వేల ఇళ్ల మీద స్లాబు పడింది దాని వల్లే.

ఆ సూత్రం బలమంతా ఒక్క చోట ఉంది: టూల్ తెలిసినవాడు అరుదు. ఏ టూల్‌లో ఏ కమాండ్ ఎలా రాయాలో ఇప్పుడు ఏఐ ఎవరికైనా చెబుతోంది. అరుదుగా ఉన్నది పోయింది. అందుకే డెవాప్స్ బోర్డు తీసి ఏఐ అని బోర్డు పెట్టడం వల్ల ఈసారి సమస్య తీరదు. ప్రాంప్ట్, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశం, ఎలా రాయాలో మూడు నెలలు నేర్పే కోర్సుకు ముప్పై వేలు కట్టడం కంటే, ఆ డబ్బుతో ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని నలుగురు నిజంగా వాడే ఏదైనా ఒకటి నడపడం మేలు. ఊరి పాల కేంద్రం లెక్కలు కావచ్చు, హాస్టల్ మెస్ బిల్లులు కావచ్చు. కోడ్‌ను ఏఐతో రాయించుకున్నా తప్పు లేదు. రాత్రి పదకొండుకు అది ఆగిపోయి, ఫోన్ మోగి, లాగ్స్ తెరిచి, డేటాబేస్‌లో ఏ వరస పాడైందో వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు నేర్చుకునేది మాత్రం ఏ ప్రాంప్టూ ఇవ్వదు. 1968లో ఆరు గంటలకూ 170 గంటలకూ మధ్య తేడాలో, లోపాలు సరిచేశాక కూడా మిగిలిన భాగం అలాంటి నేర్పుదే కావచ్చు. ఎస్‌క్యూఎల్, లైనక్స్, నెట్‌వర్క్ ఎలా నడుస్తుందన్న మూలాలు, ఇంకొకరు రాసిన పెద్ద కోడ్‌ను ఓపికగా చదవడం: వీటికి బోర్డు మీద మెరుపు లేదు, కానీ ఏ టూల్ పోయినా ఇవి పోలేదు.

కాలేజీల సంగతి ఇంకా ఆందోళనగా ఉంది. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్, దాని పక్కన ఏఐ, డేటా సైన్స్ అని పేర్లు పెట్టి సీట్లు పెంచుకుంటూ పోయారు. తెలంగాణలో ఇప్పుడు బీటెక్ సీట్లలో సగానికి బాగా పైన ఈ గుంపువే. సీటు పెరిగినంత తేలిగ్గా పాఠం చెప్పే మనిషి పెరగడు. ఇప్పటికీ చాలాచోట్ల ల్యాబ్ పరీక్ష అంటే రికార్డులో ఉన్న ప్రోగ్రామ్‌ను చూడకుండా రాయడమే. దాని బదులు తప్పున్న ప్రోగ్రామ్ ఇచ్చి, తప్పు ఎక్కడుందో, ఎందుకుందో చెప్పమంటే ఆ పరీక్షకు ఇవాళ అర్థం ఉంటుంది.

విద్యార్థులకు సలహాలు చెప్పి ఊరుకోవడం మాత్రం న్యాయం కాదు. అసలు బాధ్యత ఉద్యోగాలిచ్చేవాళ్లది. నాట్ల ముఠాలో కొత్తగా చేరిన అమ్మాయిని ఇద్దరు పాతవాళ్ల మధ్య నిలబెడతారు. మొదటి రోజుల్లో ఆమె వరస వంకర పోతుంది, వెనకబడుతుంది. పక్కవాళ్లు తమ వరసతో పాటు ఆమెది కూడా రెండు కుదుళ్లు వేస్తూ పోతారు. సర్వీసెస్ కంపెనీల్లో ఫ్రెషర్ ఇలాగే నేర్చుకున్నాడు. క్లయింట్‌కు బిల్లు వేయని షాడోగా కొన్ని నెలలు ఉండి, సీనియర్ పక్కన కూర్చుని, చిన్న టికెట్లు చేస్తూ. ఆ చిన్న టికెట్లు ఇప్పుడు ఏఐ చేస్తే, కొత్త మనిషికి ఇవ్వాల్సిన పని మారాలి. ఏఐ రాసిన కోడ్‌ను సీనియర్‌తో కలిసి సమీక్షించడం, ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్లు నిజంగా వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో, సమస్య వచ్చిన రాత్రి కాల్‌లో కూర్చుని వినడం, క్లయింట్ మీటింగ్‌లో అడిగినదానికీ అసలు కావాల్సినదానికీ తేడా గమనించి రాయడం. ఇవి మొదటి ఏడాది చేయదగిన పనులే.

వీటికి సీనియర్ గంటలు పోతాయి, ఆ గంటలకు ఏ క్లయింటూ బిల్లు కట్టడు. ఇప్పటికే క్లయింట్లు కాంట్రాక్టు తిరిగి రాసుకునేటప్పుడు ఏఐ వాడుతున్నారు కదా, రేటు తగ్గించండి అని అడుగుతున్నారు. మనుషుల లెక్క వదిలి పని లెక్కన ధర కట్టే కాంట్రాక్టులు పెరుగుతున్నాయి. రోజు కూలి గుత్తగా మారుతోంది. గుత్తలో ముఠా తనకు మిగిలినదాన్ని ఎలా పంచుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది. ఏఐ వల్ల మిగిలే ఆ గంటల్లో పదో వంతు కొత్తవాళ్లకు నేర్పడానికి పక్కన పెట్టాలా, మొత్తం ఈ మూడు నెలల లాభంలో చూపించాలా అన్నది ఇప్పుడు ప్రతి కంపెనీ బడ్జెట్ మీటింగ్‌లో తేలాల్సిన లెక్క. 2030లో ఎనిమిదో సర్వర్ సంగతి అడిగే మనిషి ఉంటాడా లేడా అన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది.